మా ఇంటి గూఢచారి

రత్నం మొన్న ప్రొద్దుటూరులో మా ఇంటికి వచ్చినప్పుడు ఒక చేతిలో జామకాయల సంచి, చంకలో కాగితాల కట్ట ఉన్నాయి. జామకాయలు ముందు ఇచ్చాడు. ఊరికే ఏదీ ఇచ్చే మనిషి కాదు కాబట్టి, అసలు సంగతి ఆ కట్టలో ఉందని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. రత్నం అంటే జీవరత్నం. జమ్మలమడుగులో మా వీధి చివర, మిషన్ కాంపౌండులో పెరిగినవాడు, నాతోపాటు ఒకే బెంచీ మీద కూర్చుని అయిదో తరగతి చదివినవాడు. వాళ్ళమ్మ సుగుణమ్మ ఆసుపత్రిలో నర్సు. బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాక పిల్లల కథలు రాయడం మొదలుపెట్టాడు. నేను లింగాలలోనూ పులివెందులలోనూ తెలుగు టీచరుగా చేసినదాన్ని కాబట్టి, తప్పులు దిద్దమని ఏదో ఒకటి పోస్టులో పంపిస్తూనే ఉంటాడు. ఈసారి తానే మోసుకొచ్చాడు.

"నవల రాసినా మాబున్నీ. పిల్లోళ్ళకు. డిటెక్టివ్ నవల," అన్నాడు, కుర్చీ అంచున కూర్చుని. ఎప్పుడూ వెనక్కి వాలి కాళ్ళు చాపుకునేవాడు అంచున కూర్చుంటే నాకు నవ్వొచ్చింది.

"దేని గురించి?"

"మన జమ్మలమడుగే. బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు కిటికీలకు నల్లకాగితాలు అంటించుకున్న్యాం సూడు, ఆ దినాలు. సరిహద్దు కాడ ఏం జరిగిందో అందరూ రాసినారు. ఇండ్లల్లో ఏం జరిగిందో ఎవురు రాసినారు చెప్పు? నువ్వు సదివి చెప్పినాంక అచ్చుకిస్తా. నేను ఖాజీపేటకు పోయి మా చెల్లెల్ని చూసుకోని వస్తా, అంతలోపల సదువు."

అతను పోయాక టీ కాచుకుని చదవడానికి కూర్చున్నాను. సగం దాకా మురిసిపోయాను. మా ఊరిని ఎంత బాగా గుర్తుపెట్టుకున్నాడో! పాత నోటుపుస్తకాల కాగితాలకు ఆముదం దీపం మసి, గంజి కలిపి పూసి ఎండబెట్టడం, ఆ కాగితాలు కిటికీలకు అంటిస్తే గంజి కోసం బొద్దింకలు రావడం రాశాడు. ప్రొద్దుటూరు బస్సు లైట్లకు పైసగం నల్లరంగు పూస్తే, డ్రైవరు పెన్న దాటేదాకా దేవుణ్ణి తలుచుకుంటూ నడపడం రాశాడు. ఆసుపత్రి నర్సులు, చర్చి ఆడవాళ్ళు జవాన్ల కోసం ఖాకీ ఊలుతో స్వెట్టర్లు అల్లడం రాశాడు. మా ఊళ్ళో పుట్టి పెరిగిన ఆడమనిషికి స్వెట్టరు ఏ వైపు నుంచి తొడుక్కోవాలో కూడా తెలియదు, అయినా అల్లారు. ఒక స్వెట్టరుకు మెడ రంధ్రం వదలడం మరిచిపోయారని రత్నం రాస్తే, నేను ఒక్కదాన్నే కూర్చుని పగలబడి నవ్వాను. అది నిజంగా జరిగింది.

రెండో సగంలో నా నవ్వు పోయింది. కథ ఇది. వీధిలో నలుగురు మగపిల్లలు, ఒక కుక్క కలిసి గూఢచారులను పట్టుకునే జట్టు కడతారు. ఆ వీధిలో పరుపులు కుట్టే ఒక దూదేకులాయన ఉంటాడు. చీకటి పడగానే ఆయన నల్లకాగితం అంటించిన తలుపు మూసుకుంటాడు, లోపలనుంచి వింత చప్పుళ్ళు వస్తాయి. పిల్లలు అది శత్రువుకు పంపే సంకేతం అనుకుంటారు. చివరికి హెడ్డు కానిస్టేబులు తలుపు తీయిస్తే ఏముంది లోపల? జవాన్ల కోసం ఆయన ఎవరికీ చెప్పకుండా కుడుతున్న బొంతలు, గుట్టగా పేర్చి ఉంటాయి. హెడ్డు సెల్యూటు కొడతాడు. వీధి అంతా జేజేలు పలుకుతుంది. పిల్లలు సిగ్గుపడి క్షమాపణ అడుగుతారు.

ఆ దూదేకులాయన మా నాయన. పేరు మార్చాడు గానీ, కనుబొమల మీద ఎప్పుడూ దూది నూగు అంటుకుని ఉంటుందని రాశాక పేరు మారిస్తే ఏమిటి, మార్చకపోతే ఏమిటి. నాకు కోపం వచ్చింది. వచ్చిందని దాచుకోవడం నాకు చేతకాదు. ఆ నలుగురిలో ఒకరు ఆడపిల్ల అనీ, అది నేననీ రత్నం మరిచిపోయినందుకు కొంత కోపం. కుక్కను కూడా పెట్టాడు, నన్ను పెట్టలేదు. అంతకంటే పెద్ద కోపం ఆ బొంతల గుట్ట మీద. మా నాయన బతికినన్నాళ్ళు జవాన్లకు ఒక్క బొంత కుట్టి ఇవ్వలేదు. అడిగి ఉంటే కుట్టేవాడేమో. ఎవరూ అడగలేదు. కుట్టకపోతే ఆయన నేరస్థుడా? పక్కింటివాడికి అక్కర్లేని రుజువు ఆయనకు ఎందుకు కావలసి వచ్చింది? తలుపు వెనక ఏం జరిగిందో నాకు తెలుసు. నాకు తప్ప ఇప్పుడు బతికున్నవాళ్ళలో ఎవరికీ తెలియదు. చెప్పాలా వద్దా అని, రత్నం తిరిగి వచ్చేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను. అది మా నాయన దాచుకున్న సంగతి, దాచిపెట్టమని నన్ను అడిగిన సంగతి.

మా ఇల్లంతా ఒకటే గది, దానికి ముందు ఒక వసారా. గదిలో సగం మేము, సగం దూది. మనిషంత పొడుగు దూదేకు విల్లు ఇంటి దూలానికి తాడుతో వేలాడుతూ ఉండేది. దానికి మేక నరంతో పేనిన తంతి. ఎడమచేత్తో విల్లు పట్టుకుని, కుడిచేత్తో కొయ్య గూటం తీసుకుని తంతిని లాగి వదలాలి. ఆ అదురుకు గడ్డలు కట్టిన పాత దూది విడిపోయి తెల్లగా పొంగి లేస్తుంది. నాయన ఏకుతుంటే ఆ చప్పుడు ఒక తీరుగా ఉండేది, టంగ్ టంగ్ టంగ్ టుయ్, టంగ్ టంగ్ టంగ్ టుయ్ అని. వీధిలో పసిపిల్లలు ఆ చప్పుడుకే నిద్రపోయేవాళ్ళు. మా సంగటిలో దూది, ఊరగాయలో దూది, అమ్మ జడలో దూది. ఏకడం అయ్యాక నాయన బెల్లం ముక్క ఒకటి నోట్లో వేసుకుని నమిలేవాడు. గొంతులో ఇరుక్కున్న నూగు బెల్లంతో దిగిపోతుందని మావాళ్ళ నమ్మకం. అందుకే మా ఇంట్లో బియ్యం ఉన్నా లేకపోయినా బెల్లం ఉండేది. కొత్త దూది వాసన, ముక్కిన పాత పరుపుల వాసన, దాని మీద బెల్లం వాసన కలిస్తే అదే నా చిన్నతనం. ఇప్పటికీ కిరాణా అంగడిలో బెల్లం దిమ్మె పగలగొడుతుంటే నేను కాసేపు నిలబడిపోతాను.

ఆ ఏడాది దీపావళి అయిన కొన్నాళ్ళకు, బండి మీదికి పత్తి నింపిన బోరెం సంచి ఎత్తుతుండగా నాయన కుడిభుజంలో ఏదో తెగినట్టయింది. కట్టు కట్టించుకున్నాడు, పసర్లు పూయించుకున్నాడు. చెయ్యి ఛాతీ దాకా లేచేది, అంతకుమించి లేచేది కాదు. గూటం పట్టుకుని తంతి లాగబోతే ముఖమంతా చెమట పట్టేది. చలికాలం మొదలవుతోంది, ఏడాది తిండి మాకు ఆ రెండు మూడు నెలల్లోనే రావాలి. పులివెందుల వైపు ఒక పెద్దరైతు కూతురు పెండ్లికి పరుపులు చెప్పిపోయాడు. నాయన చెయ్యి పడిపోయిందని తెలిస్తే ఆ దూది ప్రొద్దుటూరులో కొత్తగా పెట్టిన మిషనుకు పోతుంది. ఒకసారి పోయిన గిరాకీ మళ్ళీ తిరిగి రాదు. తమ్ముడు ఇంకా చంకలో పిల్లవాడు. ఇంట్లో మిగిలిన చేతులు అమ్మవి, నావి. అమ్మ చేతులు కుట్టుకే చాలేవి కావు.

మాలో విల్లు మగవాళ్ళదే. ఆడవాళ్ళు బొంతలు కుడతారు, దిండ్లు కూరుతారు, విల్లు మాత్రం ముట్టుకోరు. ఎందుకని ఎవరూ అడగలేదు. నాయన నన్ను విల్లు ముందు నిలబెట్టిన రోజు అమ్మ తలుపుకు అడ్డంగా నిలబడింది. "ఆడపిల్ల ముట్టుకుంటే తంతి తెగుతాదంటారు," అంది.

"తెగితే ఇంకోటి కడతా," అన్నాడు నాయన. "ఆడపిల్ల ఏకిన పరుపని తెలిస్తే పెండ్లోళ్ళు తీసుకోరు, అదే నా బయ్యం. ఎవురికీ తెలీకుండా నేర్చుకోవాల పాపా. నీ జతగాళ్ళకు గూడా చెప్పాకు. చెప్పనని ఒట్టెయ్యి."

ఒట్టు వేశాను. కానీ విల్లు చప్పుడు దాచేదెట్లా? తలుపు తీసి ఏకితే వీధి చూస్తుంది, పట్టపగలు తలుపు మూసుకుని ఏకితే వీధి అడుగుతుంది. సరిగ్గా అప్పుడే యుద్ధం వచ్చింది. చీకటి పడితే ఏ ఇంట్లో నుంచీ వెలుతురు బయటికి కనబడకూడదన్నారు. మా జమ్మలమడుగు మీదికి విమానాలు వస్తాయని ఎవరూ నిజంగా అనుకోలేదు గానీ, అందరూ నల్లకాగితాలు అంటించి తలుపులు బిగించుకున్నారు. యుద్ధం ఎవరికి ఏం చేసిందో గానీ, మా నాయనకు మాత్రం తలుపు మూసుకోవడానికి ఒక సాకు ఇచ్చింది. పగలు ఆయన వసారాలో కూర్చుని, ఎడమచేత్తో దూది పీకుతూ పని జరుగుతున్నట్టు కనిపించేవాడు. నేను బడి నుంచి వచ్చి, దీపాలు పెట్టే వేళకు గూటం పట్టుకునేదాన్ని.

ఎంత కష్టమో ఆ పని! తంతి లాగితే వేళ్ళు కోసుకుపోయేవి. రెండు దెబ్బలు సరిగ్గా పడితే మూడోది జారేది. ఒక్కోసారి గూటం తంతికి తగలకుండా విల్లుకు తగిలి ఠప్పుమనేది. భుజం పట్టేస్తే ఆగేదాన్ని, మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. టంగ్. టంగ్ టుయ్. తర్వాత ఏమీ లేదు. మళ్ళీ టటంగ్. నాయన పక్కనే కూర్చుని, నోటితో ఏమీ అనకుండా, ఎడమచేత్తో తన మోకాలి మీద తాళం వేసి చూపించేవాడు. అయిపోయాక ఒక బెల్లం ముక్క తెచ్చి నా అరచేతిలో పెట్టేవాడు. మెచ్చుకోలు మాటలు ఆయనకు రావు. ఆ ముక్క ఎంత పెద్దదో చూసుకుని ఆ రోజు ఎట్లా ఏకానో నేను తెలుసుకునేదాన్ని.

ఇంకోపక్క బడిలో మా జట్టుకు గూఢచారుల పిచ్చి పట్టింది. రత్నం నాయకుడు. టెలిగ్రాం చుక్కలూ గీతలుగా పోతుందని స్కౌటు మాస్టారు చెప్పిన పాఠం అతని తలకెక్కింది. ఒకరోజు మిషన్ కాంపౌండు వెనక గోడ దగ్గరికి మమ్మల్ని తీసుకుపోయి, బొగ్గుతో గీసిన గుర్తులు చూపించాడు. చుక్క, గీత, ఖాళీ, రెండు చుక్కలు. "ఇది దస్తగిరి మామ ఇంట్లో నుంచి వస్తాండే సౌండు. మామ శానా బాగ ఏకుతాడు గదా? ఈ సౌండు ఏకినట్లు లేదు. ఆగి ఆగి వస్తాండాది. దేనికో గుర్తు ఇది," అన్నాడు.

మా నాయన పేరు దస్తగిరి. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఆ గోడ మీద ఉన్నవి నా తప్పులని, అన్నీ వరుసగా గీసిపెట్టారని నాకు చూడగానే అర్థమైంది. నాయనకు వేసిన ఒట్టు గుర్తొచ్చింది. "మీ నాయనే మే, ఏమీ అనుకోవాకు. ఎవురో బెదిరించి చేయిస్తాండారేమో. నువ్వు ఇంట్లో ఉండి కనిపెట్టు," అని రత్నం నాకే పని అప్పజెప్పాడు. నేను తల ఊపాను.

ఆ తర్వాత కొన్ని సాయంకాలాలు మా ఇంటి ఎదుటి అరుగు కింద కాపలా కాశాం. నేను వాళ్ళతో ఉన్న సాయంకాలం చప్పుడు వచ్చేది కాదు. తలనొప్పి అని నేను ఇంటికి పోయిన సాయంకాలం వచ్చేది. మహా డిటెక్టివులు ముగ్గురిలో ఒక్కరికీ ఇది తట్టలేదు. నా జడలో దూది, నా వేళ్ళకు గుడ్డపీలికలు, పొద్దున్నే నా జేబులో మిగిలిన బెల్లం, అన్నీ వాళ్ళ కళ్ళముందే ఉన్నాయి. బెల్లం మాత్రం పంచుకుని తినేవాళ్ళు.

ఆటగానే పోయి ఉంటే బాగుండేది. కాంపౌండు వాచ్‌మన్ గోడ మీది బొగ్గు గీతలు చూసి, పిల్లల్ని అడిగి, ఆ మాట టీ అంగడికి మోశాడు. టీ అంగడిలో రేడియో చుట్టూ ఎప్పుడూ జనమే. సాయంత్రానికి దస్తగిరి ఇంట్లో వైర్‌లెస్ మిషను ఉందన్నారు. పేరుకు సాయిబులమే గానీ, మా నాయనకు ఉర్దూ ఒక్క ముక్క రాదు. పాకిస్తానువాడు ఎదురుగా వచ్చి మంచినీళ్ళు అడిగినా ఆయనకు అర్థం కాదు. మేము ఇంట్లో మాట్లాడేది తెలుగు, కలగనేది తెలుగు. అయినా యుద్ధం వచ్చాక మా పేర్లు మా కంటే ముందు నడిచి పోతున్నట్టు ఉండేది. బొంతకు దూది ఇచ్చిన ఒకామె వచ్చి, "ఇప్పుడే వద్దులేప్పా," అని తన మూట అడిగింది. నాయన మూట తెచ్చి ఇచ్చేశాడు. ఆమె పోయాక, "పాకిస్తాను యాడుందో నాకు తెల్వదు. కొండాపురంలో రైలు చూసినా గానీ ఎక్కింది ల్యా," అన్నాడు, అమ్మతో కూడా కాదు, ఆ దూది తూచే తక్కెడతో. నాకు ఆ రోజు పట్టిన ఏడుపు ఇప్పుడు రాస్తుంటే కూడా వస్తోంది.

మర్నాడు దీపాలు పెట్టే వేళకు హెడ్డు కానిస్టేబులు వచ్చాడు. తలుపు సందులోంచి చూస్తే, వెనక వీధి వీధంతా. అందులో రత్నం కూడా ఉన్నాడు, వాళ్ళమ్మ కొంగు పట్టుకుని. సుగుణమ్మ ముఖం కందిపోయి ఉంది. "ఇది పిల్లోళ్ళ ఆట సార్, నేను చెప్తాండా గదా," అంటోంది. ఎవరూ వినడం లేదు. నేను గబగబా విల్లు దగ్గరికి వచ్చి నిలబడ్డాను, చేతిలో గూటంతో.

నాయన తలుపు కొద్దిగా తీసి, "మీరొక్కరే లోపలికి రాండి సార్. దీపం బయటికి కనపడకూడదు గదా, తలుపు మూస్తా," అన్నాడు. హెడ్డు లోపలికి వచ్చాడు. మీసాల పెద్దమనిషి, దూది నూగుకు తుమ్ములు మొదలయ్యాయి. గది నాలుగు మూలలా చూశాడు. చూడటానికి ఏముంది? దూది, పరుపులు, పొయ్యి, చంకలో తమ్ముడితో అమ్మ, నేను. "సౌండు దేనిదప్పా?" అన్నాడు.

నాయన చొక్కా గుండీలు విప్పి భుజం చూపించాడు. చెయ్యి ఎత్తాడు. అది ఛాతీ దాకా లేచి పడిపోయింది. "ఈ చేత్తో ఏకలేను సార్. బిడ్డ నేర్చుకుంటాంది. ఆ సౌండు దానిదే," అన్నాడు.

హెడ్డు నా చేతిలో గూటం చూశాడు, నా వేళ్ళకు చుట్టిన పీలికలు చూశాడు.  "ఈ మాత్రానికేనా? బయట చెప్తే అయిపోతాది గదప్పా," అన్నాడు.

"చెప్పాకండి సార్, మీ కాళ్ళు మొక్కుతా. గూఢచారి అంటే యుద్ధమైపోయినాంక మరిచిపోతారు. చెయ్యి పోయిందంటే మాత్రం మరిచిపోరు. నా బిడ్డలు ఏం తిని బతకాల?"

"మరి వాళ్ళకు ఏం చెప్పమంటావు? ఊరు ఊరంతా వాకిట్లో నిలబడి ఉండాది."

"ఏమీ చెప్పాకండి," అన్నాడు నాయన. "వాళ్ళే వింటారు." నా వైపు తిరిగాడు. "ఏకు పాపా. నేను ఏకినట్లు ఏకు."

అప్పుడు నా వయసు పిల్ల ఎంత భయపడగలదో అంత భయపడ్డాను. ఒక్క దెబ్బ జారితే బయట అందరికీ తెలిసిపోతుంది. ఆ తలుపు అవతల ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డ ఊరికి, నాయన చప్పుడు పుట్టినప్పటినుంచీ తెలుసు. నాయన నా పక్కన కూర్చుని, ఎడమచేత్తో మోకాలి మీద తాళం మొదలుపెట్టాడు. నేను తంతి వైపు చూడలేదు, ఆయన మోకాలి మీది చేతినే చూశాను. టంగ్ టంగ్ టంగ్ టుయ్. టంగ్ టంగ్ టంగ్ టుయ్. ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. అంతకు ముందు ఎప్పుడూ రాలేదు. దూది లేస్తోంది, హెడ్డు తుమ్ముతున్నాడు, నాయన చెయ్యి ఆగడం లేదు, నేనూ ఆగలేదు. హెడ్డు తలుపు తీసుకుని బయటికి పోతూ, "ఏమీ ల్యా, దూదేకే మనిషి దూది ఏకుతాండాడు. పోండి, పోండి, ఇండ్లకు పోయి దీపాలార్పుకోండి," అని అరవడం వినిపించింది. తర్వాత నవ్వులు, పోతున్న అడుగులు. అందరి సందడీ సద్దుమణిగేదాకా నాయన తాళం ఆపలేదు. ఆ రోజు నా అరచేతిలో పెట్టిన బెల్లం ముక్క నా పిడికిట్లో పట్టలేదు.

హెడ్డు మాట నిలబెట్టుకున్నాడు. చాలా రోజుల తర్వాత తన దిండు దూది ఏకించుకోవడానికి వచ్చి, తీసుకుపోతూ, "ఎవురు ఏకినారో నేను అడగనులే," అని నన్ను చూసి మీసాల్లో నవ్వాడు. పులివెందుల పెండ్లి పరుపులు సమయానికి పోయాయి. యుద్ధం ముగిశాక నల్లకాగితాలు చించి పొయ్యిలో వేశారు. ఎండలు మొదలయ్యాక ఒకరోజు నాయన తానే తలుపు బార్లా తీసి, నన్ను వీధికి కనిపించేట్టు విల్లు ముందు నిలబెట్టాడు. తన చెయ్యి సంగతి, ఆ చలికాలమంతా ఏకింది నేనన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. గొణిగినవాళ్ళు గొణిగారు. అప్పటికి వాళ్ళంతా నేను ఏకిన దూది మీద ఒక చలికాలం హాయిగా నిద్రపోయి లేచినవాళ్ళే. కానీ రత్నం అది చూడలేదు. ఆ క్రిస్మసుకే సుగుణమ్మకు వేరే ఊరికి బదిలీ అయి వాళ్ళు వెళ్ళిపోయారు. అతని కథ ఆ మూసిన తలుపు దగ్గరే ఆగిపోయింది. పాపం, లోపల ఏముందో తెలియక, తనకు తోచిన మంచిని ఆ గదిలో పేర్చాడు.

ఖాజీపేట నుంచి రత్నం తిరిగి వచ్చాక ముందు తిట్టాను, తర్వాత ఇదంతా చెప్పాను. నాయన పోయి చాలా ఏండ్లయింది. తమ్ముడు పెద్దవాడై నా చేతిలోని గూటం తీసుకున్నాడు, నేను టీచరు ట్రైనింగుకు పోయాను. ఇప్పుడు తమ్ముడి కొడుక్కి ఇదే ప్రొద్దుటూరులో దూది మిషను ఉంది. స్విచ్చి వేస్తే మేము వారం ఏకే దూది చిటికెలో అయిపోతుంది. అది చేసే రొదకు ఏ పసిపిల్లా నిద్రపోదు. అంత సులువుగా అయిపోతున్నందుకు నాకు సంతోషమే. ఆడపిల్లల వేళ్ళు కోసుకుపోవాలని నేను కోరుకోను. దాచుకోవడానికి ఇంక ఎవరి చెయ్యీ లేదు. అందుకే నాయనకు వేసిన ఒట్టు తీరిపోయిందనుకుని చెప్పాను.

 "ఆ బెల్లం," అన్నాడు రత్నం. "దినామూ తెచ్చేదానివి గదా. నేనే ఎక్కువ తిన్న్యా."

"తిన్నావు. ముగింపు మార్చు రత్నం. మా నాయనకు సెల్యూట్లు వద్దు. ఆయనేం ఘనకార్యం చేయలేదు. ఇల్లు గడుపుకున్నాడు, అంతే. దానికి యుద్ధంతో పనిలేదు. అట్లే రాయి."

"మారుస్తా. నిన్ను యాడ పెట్టాల?"

"రెండుచోట్లా పెట్టు. అరుగు కింద మీతోనూ, తలుపు వెనకా."

పాత విల్లు మా వరండాలో గోడకు ఉంది. పనికిరాదని తమ్ముడి కొడుకు పారేయబోతే నేను తెచ్చుకున్నాను. రత్నం లేచి దాన్ని దించి, ఉయ్యాల కొక్కేనికి తగిలించి, గూటం నా చేతికి ఇచ్చాడు. "ఒగ తూరి ఏకు మే," అన్నాడు. తంతి ఎండిపోయింది, అయినా పలుకుతుంది. నాకు ఈమధ్య కుడిభుజం పట్టేసింది, చెయ్యి పైకి లేవడం లేదు, ఫిజియోథెరపీకి పోతున్నాను. లాగి వదిలాను. టంగ్. టంగ్ టుయ్. మూడోది జారింది. ఆగాను. మళ్ళీ టటంగ్. గూటం విల్లుకు తగిలి ఠప్పుమంది.

రత్నం కళ్ళు మూసుకుని వింటున్నాడు. కళ్ళు తెరిచేసరికి తడిగా ఉన్నాయి. "ఇదే మే. గోడ మీద బొగ్గుతో గీసింది ఇదే. దీని అర్థం ఏందో తెల్సుకోవాలని ఇన్నేండ్లూ నా మనసులో ఉండాది. ఏం చెప్పినావు మే అందులో?"

"చెయ్యి నొప్పెడతాంది నాయనా, ఇంక చాలు అని," అన్నాను.

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. నా చేతిలోంచి గూటం తీసి గోడవార పెట్టి, మా వంటింట్లోకి పోయాడు. డబ్బాల మూతలు ఒక్కొక్కటే తీస్తున్న చప్పుడు వినిపించింది. కాసేపటికి బయటికి వచ్చి, పెద్ద బెల్లం ముక్క ఒకటి నా అరచేతిలో పెట్టాడు.